సర్టిఫికెట్ ఒకరిది, మందిచ్చే చెయ్యి ఇంకొకరిది

సాయంత్రం ఆరు దాటాక మలికిపురంలోనో, రాజోలులోనో, సఖినేటిపల్లిలోనో ఏదైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. కొబ్బరి దింపుకు పోయొచ్చినోళ్ళు, వలుపుకు పోయొచ్చినోళ్ళు, రొయ్యల చెరువు మీద నీళ్ళల్లో నానొచ్చినోళ్ళు వరసగా వస్తారు. "తమ్ముడూ, నడుం నొప్పికి రెండు బిళ్ళలియ్యి" అంటారు. "పిల్లకి విరేచనాలు, ఏదో ఒకటియ్యి బాబూ" అంటారు. ఆ తమ్ముడు ఇస్తాడు. డాక్టరు చీటీ ఉండదు. బిల్లు ఉండదు. ఏ బిళ్ళ ఎందుకో, ఎన్ని రోజులో, తిన్నాకా తినకముందా, చెప్పేవాడు ఉండడు.

ఆ తమ్ముడు ఎవరు? పదో తరగతి పాసో ఫెయిలో అయిన కుర్రాడు. చాలాచోట్ల మన పేట పిల్లాడే. కాకపోతే పక్కనున్న బీసీల పిల్లాడు. అతని తల వెనకాల గోడకి అద్దం బిగించిన ఒక సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. దాని మీద పేరున్న మనిషి ఎక్కడుంటాడు? హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంటాడు, లేకపోతే గల్ఫులో ఉంటాడు. నెలనెలా అద్దె మాత్రం అందుతుంది. ఇల్లు అద్దెకిచ్చినట్టు, చదువును అద్దెకిస్తున్నారు. అన్ని షాపులూ ఇంతేనని మేము అనడం లేదు. పొద్దున్నుంచీ రాత్రి దాకా కౌంటరులో నిలబడి, చీటీ చదివి, ఓపిగ్గా చెప్పే ఫార్మసిస్టులున్నారు. వాళ్ళకు మా నమస్కారం. కానీ వాళ్ళు ఎంతమంది?

మా ఇంట్లో జరిగింది

ఊరి సంగతి చెప్పేముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మకు బి.పి. ఉంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే బిళ్ళ వేసుకునేది. మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయని ఒక ప్రైవేటు డాక్టరుకు చూపిస్తే ఆయన ఇంకో బిళ్ళ రాశాడు. షాపులో కుర్రాడు అదిచ్చాడు. సర్కారు బిళ్ళ తెల్లది, షాపు బిళ్ళ పేరు వేరు, అట్ట రంగు వేరు. "ఇది ఒకటి, అది ఒకటి కదా నాన్నా" అని అమ్మ రెండూ వేసుకుంది. నెల తిరక్కుండా పాదాలు వాచాయి. బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి తూలి పడింది. అమలాపురం తీసుకుపోతే అక్కడి డాక్టరు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండిటి మీదా కింద చిన్న అక్షరాల్లో ఒకటే పేరు. ఆమ్లోడిపిన్. ఒకే మందు రెండు పేర్లతో రోజూ రెండింతలు మింగింది మా అమ్మ.

మా సంఘం కుర్రాళ్ళకు కోపమొచ్చింది. "షాపు మీదికి పోదాం, ఆడి సంగతి తేలుద్దాం" అన్నారు. మేము పోయాం. కౌంటరులో ఉన్నవాడు మా బడిలో చదివినవాడే. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారండీ, పేర్లు వేరేగా ఉన్నాయి కదండీ. కింద చిన్నక్షరాలు చూడాలని నాకెవరూ చెప్పలేదండీ, ఆయ్" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఐదేళ్ళు మేమే వాడికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పాం. ఆ అక్షరాలు చదవగలడు. అవి చెప్పేదేమిటో వాడికి ఎవరూ నేర్పలేదు. రోజుకి పన్నెండు గంటలు మందుల మధ్య నిలబెట్టారు, మందు గురించి ఒక గంట కూడా చెప్పలేదు.

అక్కడే మా కుర్రాళ్ళకు చెప్పాం. వీడిని కొట్టి ప్రయోజనం లేదు. వీడు మనవాడు. మింగినామె కూడా మనామే. ఈ ఇద్దరికీ మధ్య చదువు అందకుండా చేసినవాళ్ళు వేరే ఉన్నారు. అడగాల్సింది వాళ్ళని.

చట్టం ఏమంటోంది?

చట్టం లేదనుకుంటున్నారా? ఉంది. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టే చెయ్యాలి. ఇంకొకరు చేస్తే శిక్ష. 2015 జనవరిలో ఫార్మసీ ప్రాక్టీసు రెగ్యులేషన్లు వచ్చాయి. ఫార్మసిస్టు తెల్లకోటు వేసుకోవాలి, పేరూ రిజిస్ట్రేషను నంబరూ ఉన్న బ్యాడ్జీ పెట్టుకోవాలి, మందు ఎలా వాడాలో రోగికి వివరించాలి అని అందులో రాశారు. ఇంకో మాట కూడా రాశారు. రిజిస్ట్రేషను రెన్యువల్ కావాలంటే ఐదేళ్ళలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు హాజరు కావాలి. ఒక్కొక్కటి కనీసం ఒక రోజు.

లెక్క వెయ్యండి. ఐదేళ్ళంటే 1826 రోజులు. అందులో రెండు రోజులు చదువు. మిగతా 1824 రోజులు అమ్మకం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫార్మసిస్టు రెండేళ్ళకు 30 గంటలు కొత్త చదువు చదివితేనే లైసెన్సు నిలుస్తుంది. అక్కడ ఫార్మసిస్టు కింద పనిచేసేవాళ్ళను ఫార్మసీ టెక్నీషియన్ అంటారు. జాతీయ సర్టిఫికెట్ తీసుకున్న టెక్నీషియన్ కూడా దాన్ని నిలుపుకోవడానికి రెండేళ్ళకు 20 గంటలు చదవాలి. చూడండి, అక్కడ బిళ్ళలు లెక్కపెట్టేవాడికీ ఒక పేరుంది, వాడికీ ఒక చదువుంది. మన ఫార్మసీ చట్టంలో వాడికి పేరే లేదు. పేరు లేనివాడికి పాఠం ఎవరు చెబుతారు? పేరు లేనివాడికి కనీస కూలి ఎవరడుగుతారు? తప్పు జరిగితే మాత్రం వాడికి పేరు దొరుకుతుంది. "కుర్రాడు పొరపాటున ఇచ్చాడు" అంటారు.

ఆ రెండు రోజుల చదువైనా ఎలా జరుగుతోంది? మా దగ్గర చదువుకుని ఫార్మసిస్టు అయిన ఒకతను చెప్పాడు. పట్నంలో హాలు, వేదిక మీద పెద్దలు, ఇంగ్లీషులో ఉపన్యాసం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. "ఏం నేర్చుకున్నావురా?" అంటే నవ్వాడు. సర్టిఫికెట్ అద్దెకిచ్చినవాడు కూడా అక్కడికొచ్చి సంతకం పెట్టిపోయాడట. మందిచ్చే కుర్రాడికి ఆ హాలు ఎక్కడుందో కూడా తెలియదు. అంటే చదువు మందివ్వనివాడికి, మందివ్వడం చదవనివాడికి!

మందుల చదువు ఒకసారి చదివితే చాలదు

"డిప్లొమా రెండేళ్ళు చదివాడు కదా, మళ్ళీ చదువేమిటి" అనే పెద్దమనుషులున్నారు. వాళ్ళ కోసం నాలుగు సంగతులు చెబుతాం.

పిల్లలకు జ్వరమొస్తే నిమెసులైడ్ సిరప్ పోసిన కాలం ఒకటుంది. 2011 ఫిబ్రవరిలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు దాన్ని నిషేధించారు. 2000లో చదువు ముగించినవాడికి ఈ సంగతి ఏ పుస్తకం చెబుతుంది?

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్ 1 అమలులోకొచ్చింది. గట్టి యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటు పడిపోయే నిద్రమాత్రలు, నొప్పి మందులు కలిపి మొదట 46 మందులు అందులో పెట్టారు. సెఫిక్సిమ్, ఆల్ప్రజోలం, ట్రమడాల్ అందులోవే. చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మన పేటల్లో రెండు రోజుల జ్వరానికి సెఫిక్సిమ్ బిళ్ళలు నాలుగు కత్తిరించి ఇస్తున్నారు. నాలుగు వేసుకుని తగ్గగానే ఆపేస్తాం. చావకుండా మిగిలిన క్రిమి మందుకు మొండికేస్తుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిననాడు ఆ మందు పనిచెయ్యదు. అప్పుడు డబ్బున్నవాడు ఖరీదైన ఇంజెక్షను కొనుక్కుంటాడు. మనం?

టీబీ సంగతి చూడండి. ఒకప్పుడు సర్కారు మందు వారానికి మూడుసార్లు ఇచ్చేవారు. 2017 నుంచి రోజూ వేసుకునే పద్ధతికి మార్చారు. 2018 మార్చి నుంచి టీబీ మందులు అమ్మిన షాపు కూడా ఆ రోగి వివరం ప్రభుత్వానికి తెలపాలి. తెలిపితే ఆ రోగికి సర్కారు ఉచితంగా మందిస్తుంది, తిండికి డబ్బు కూడా ఇస్తుంది. కౌంటరులో ఉన్నవాడికి ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుంది? మన కూలీ సొంత డబ్బుతో కొన్నాళ్ళు కొని, డబ్బయిపోగానే మానేస్తాడు. ఇంటిల్లిపాదికీ అంటిస్తాడు.

ఇంక విరేచనాల సంగతి. 2022 జూలైలో గోదావరి పొంగి కోనసీమ లంకలు మునిగాయి. ఏటా వరద తీశాక నీళ్ళ రోగాలు మన పేటల్నే ముందు పట్టుకుంటాయి. దానికి అసలు మందు ఓ.ఆర్.ఎస్. పొడి, పిల్లలకు దాంతోపాటు జింకు. పొడి లీటరు పాకెట్టయితే లీటరు నీళ్ళల్లోనే కలపాలి, గ్లాసులో కాదు. కానీ మన చేతికి వచ్చిందేమిటి? రంగు డబ్బాలో తియ్యటి పానకం, మీద ఓ.ఆర్.ఎస్. అని ముద్ర. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వాడకూడదంది. ఒక ఆడమనిషి పట్టుదలతో ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు మన షాపు కుర్రాడి దాకా ఎవరు తెస్తారు?

అదే 2025లో, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, మధ్యప్రదేశ్ చింద్వారా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చచ్చిపోయారు. తమిళనాడులో తయారైన ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం తేలింది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. విషం కలిపింది కంపెనీ. కానీ సీసా మీద బ్యాచి నంబరు చూసి, "ఇది ఆపమన్నారమ్మా" అని చెప్పాల్సిన చివరి మనిషి కౌంటరులో ఉన్నవాడే. ఆ చివరి మనిషికి కబురు లేకపోతే మధ్యలో ఎన్ని ఆర్డర్లుంటే ఏం లాభం?

ఇది కులం సంగతి ఎలా అయింది?

"మందుల షాపులో కూడా కులమేనా మాస్టారూ?" అని మమ్మల్ని అడిగారు. అవును, అక్కడా కులమే.

1929 డిసెంబరులో గాంధీ గారి యంగ్ ఇండియా పత్రికలో కాఠియావాడ్‌కు చెందిన ఒక అంటరాని బడిపంతులు రాసిన ఉత్తరం అచ్చయింది. బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా తన రాతల్లో దాన్ని చెప్పారు. పంతులు భార్యకు కాన్పు తర్వాత జబ్బు చేసింది. డాక్టరు పేటలోకి రానన్నాడు. చివరకు వచ్చాడు, ఫీజు తీసుకున్నాడు, కానీ ఆమెను ముట్టుకోలేదు. థర్మామీటరు ఒక ముస్లిముకు ఇచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు. పంతులు భార్యకు పెట్టాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి పోయింది. ఆమె బతకలేదు. మేమూ బడిపంతుళ్ళమే. అది చదివిన రోజు మాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు థర్మామీటరు మూడు చేతులు మారడం లేదు. మందు నేరుగా మన చేతిలోనే పెడుతున్నారు. మందు గురించిన తెలివి మాత్రం ఇంకా అక్కడెక్కడో చేతులు మారుతోంది, మన దాకా రావడం లేదు.

ఇంకోటి వినండి. 1948 చట్టం మొదటి రిజిస్టరు తయారుచేసినప్పుడు చదువు లేనివాళ్ళకూ తలుపు తీసింది. ఆసుపత్రిలోనో దవాఖానాలోనో మొత్తం ఐదేళ్ళు మందు కలిపిన అనుభవం ఉంటే చాలు, పేరెక్కించుకోవచ్చు అంది. మంచిదే. అయితే ఆ రోజుల్లో మందు కలిపే చెయ్యి ఎవరిది? బావిలో చేద వెయ్యనివ్వని మన తాతల్ని మందు కలపనిచ్చారా? వాళ్ళ అనుభవానికి సర్టిఫికెట్ దొరికింది. ఇవాళ మన పిల్లలు పదేళ్ళు, పదిహేనేళ్ళు కౌంటరులో నిలబడుతుంటే ఆ తలుపు మూసేసి "అర్హత లేదు" అంటున్నారు. అర్హత అనే మాట మన దాకా వచ్చేసరికే ఎందుకు గుర్తొస్తుంది?

మనకు చేతకాదా? రాజమండ్రి కుసుమ ధర్మన్న గారు కవి అనే మనకు తెలుసు. ఆయన వైద్యుడు కూడా. వైద్య విద్య నేర్చి రోగుల చెయ్యి పట్టుకుని చూసినవాడు. ఈ గోదావరి గడ్డ మీదే, మనలోనే, అంత వెనకటి కాలంలోనే అలాంటి మనిషి పుట్టాడు. చేతకాకపోవడం కాదు, అందనివ్వకపోవడం.

వాళ్ళ వాదనలు, మా జవాబులు

"చదవనివాడికి శిక్షణ ఇస్తే దొంగకు లైసెన్సు ఇచ్చినట్టే" అంటారు. మేము అతన్ని ఫార్మసిస్టును చెయ్యమనడం లేదు. ఫార్మసిస్టు కౌంటరులో ఉండాల్సిందే, చీటీ చూడాల్సిందే. ఆయన కింద పనిచేసేవాడికి సహాయకుడిగా గుర్తింపు ఇవ్వండి, చదువు చెప్పండి, ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో చెప్పండి అంటున్నాం. ఇప్పుడు వాడు అన్నీ ఇస్తున్నాడు కదా. అది కనబడనట్టు నటించడమే అసలు దొంగతనం.

"కుర్రాడికి నేర్పితే రేపు ఎదురుగా షాపు పెడతాడు" అని యజమానులు లోపల్లోపల అనుకుంటారు. పెట్టనివ్వండి. ఇంటరు, డిప్లొమా చదివి పెడితే తప్పేంటి? 2008లో మొదలైన జన ఔషధి పథకంలో ఎస్సీ, ఎస్టీలు, మహిళలు షాపు పెడితే సామానుకు, కంప్యూటరుకు రెండు లక్షల దాకా సాయం ఉంది. సాయం కాగితం మీద ఉంది. అందుకోవడానికి కావాల్సిన డిప్లొమా మన పేటలో లేదు.

"మందుల చదువు తెలుగులో ఎలా?" అంటారు. మా అమ్మకు అమలాపురం డాక్టరు తెలుగులోనే చెప్పాడు. రెండు అట్టలు పక్కన పెట్టి వేలితో చూపించాడు. రెండు నిమిషాలు పట్టింది.

ఒక మాట మనవాళ్ళకు

మన తప్పు కూడా చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్పు మీద, హాస్టల్లో ఉండి డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదివిన మన పిల్లలు కూడా కొందరు సర్టిఫికెట్ అద్దెకిస్తున్నారు. వాళ్ళ ఇబ్బంది మాకు తెలుసు. షాపులో నిలబడితే జీతం చాలదు, అందుకే అద్దెకిచ్చి వేరే పనికి పోతున్నారు. కానీ తమ్ముడూ, ఆ కాగితం నీ ఒక్కడిది కాదు. మీ అమ్మ కలుపు తీసిన కూలి అందులో ఉంది. ఉద్యమాలు చేసి తెచ్చుకున్న రిజర్వేషను అందులో ఉంది. దాన్ని గోడకు కట్టేసి నువ్వు పోతే, దాని కింద నిలబడి తప్పు మందు ఇచ్చేవాడు నీ తమ్ముడే, మింగేది నీ అమ్మే. తిరిగి రా. కౌంటరులో నిలబడు. న్యాయమైన జీతం కోసం మేము నీ పక్కన నిలబడతాం.

మేము అడుగుతున్నది

ఒకటి: రిఫ్రెషర్ కోర్సు విజయవాడ హాళ్ళలో కాదు, మండల కేంద్రంలో పెట్టాలి. మలికిపురంలో బడులున్నాయి, కాలేజీ ఉంది, ఆదివారం ఖాళీగానే ఉంటాయి. తెలుగులో, ఉచితంగా, ఏడాదికి కనీసం నాలుగు రోజులు జరగాలి. చివర పరీక్ష ఉండాలి.

రెండు: షాపుల్లో, ఆసుపత్రి మందుల గదుల్లో పనిచేసే ప్రతి సహాయకుడికీ గుర్తింపు కార్డు, శిక్షణ, కనీస వేతనం ఇవ్వాలి. శిక్షణకు పోయిన రోజు కూలి కొయ్యకూడదు.

మూడు: సర్టిఫికెట్ అద్దెను ఆపాలి. తనిఖీకి వచ్చినవాళ్ళు గోడను చూసి పోకుండా, గోడ మీద పేరున్న మనిషిని చూపించమని అడగాలి.

నాలుగు: 2013లో పోరాడి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం, 2023లో గడువు పొడిగించారు. ఆ డబ్బుతో కౌంటరులో ఉన్న మన పిల్లల్ని ఇంటరు సైన్సు, డి.ఫార్మసీ చదివించాలి. రోడ్లకూ బిల్డింగులకూ మళ్ళించడం మానాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోవద్దు. వచ్చే నెల నుంచి ప్రతి రెండో ఆదివారం మా పేట కమ్యూనిటీ హాల్లో తరగతి పెడుతున్నాం. మనసున్న ఫార్మసిస్టులు ఇద్దరు చెప్పడానికి ఒప్పుకున్నారు. మా అమ్మకు మందిచ్చిన కుర్రాడే మొదట పేరిచ్చాడు. మీ ఊళ్ళల్లోనూ పెట్టండి. షాపుకు పోయినప్పుడు బిల్లు అడగండి. "ఫార్మసిస్టు గారు ఎవరండీ?" అని మర్యాదగా అడగండి. అట్ట మీద పెద్ద పేరు కింద చిన్న అక్షరాలు చదవండి. చదువు రాకపోతే బడికెళ్ళే మనవరాలి చేత చదివించండి. అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని పేటంతా చెప్పండి.

2022 మే 24న మన జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. బోర్డు మీద పేరు నిలబెట్టుకున్నాం. ఆయన మనకు మొదట చెప్పిన మాట చదువు. ఆ చదువు మందుల షాపు కౌంటరు దాకా రావాలి. ఆ జిల్లాలో ఒక ముసలమ్మ ఒకే మందు రెండుసార్లు మింగి బోరింగు దగ్గర పడిపోయే రోజు ఇంక రాకూడదు.

జై భీమ్!